రంగు చెప్పని సంగతులు
పిల్సెన్ నుండి బ్రస్సెల్స్ వరకు ఒక బీరు యాత్ర

మన దేశంలో బీరును గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండే జాతులను ఎరుగుదురు. పసుపుపచ్చనిది ఒకటి, నల్లనిది మరొకటి. పచ్చనిది తేలిక, నల్లనిది ఘాటు అన్నది కూడ దాదాపు స్థిరపడిపోయిన అభిప్రాయం. ఈ అభిప్రాయంతో మధ్య ఐరోపాలో అడుగు పెట్టిన యాత్రికుడికి మొదటి వారంలోనే చిక్కులు ఎదురవుతాయి. ఒక ఊరిలో లేత బంగారు రంగు బీరు నాలుకపై గట్టిగా చేదు తగులుతుంది. పొరుగు దేశపు నగరంలో అదే రంగు బీరు అప్పుడే కాల్చిన రొట్టెవలె మెత్తగా, కాస్త తీయగా ఉంటుంది. ఒకచోట కాటుకవలె నల్లనిది ఏ భారమూ లేకుండ గొంతు దిగిపోతుంది. మరొకచోట తేనె రంగులో మెరిసే చిన్న గ్లాసు అరగంటలో తల తిప్పుతుంది.

చెక్ దేశపు పశ్చిమ భాగంలోని పిల్సెన్‌లో బయలుదేరి, దక్షిణ జర్మనీ మీదుగా రైన్ నదీతీరం చేరి, అక్కడినుండి బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ వరకు సాగే రైలుదారి ఈ చిక్కులను ఒక్కొక్కటిగా విప్పుతుంది. ఆ దారిలో ప్రతి మజిలీ ఒక పాఠం. పాఠాలన్నీ కలిసి చెప్పేది ఒకటే: బీరు స్వభావాన్ని నిర్ణయించే శక్తులు నీరు, ధాన్యం, హాప్స్ పువ్వు, కిణ్వం, కాలం. రంగు వీటిలో ధాన్యానికి తగిలిన వేడిని మాత్రమే చెప్పగలదు.

ఆ ఒక్క సంగతిని ముందుగా తెలిసికొనుట మంచిది. మన ఇళ్ళలో రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిల్లలకు జావ కాచే తల్లులకు బీరు తయారీలో సగం తెలిసినట్లే. అక్కడ రాగులకు బదులు బార్లీ. మొలకెత్తిన బార్లీని వేడితో ఆరబెడితే మాల్టు. దానిని నలగగొట్టి వేడినీటిలో కలిపితే గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీటిని వడకట్టి, హాప్స్ అనే తీగమొక్క పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపితే అది చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. మాల్టును తక్కువ వేడిలో ఆరబెడితే బీరు లేత పసుపుగా ఉంటుంది. వేడి పెరిగినకొద్దీ రాగిరంగు, గోధుమరంగు, నలుపు. కాఫీగింజలను లేతగా వేయించుటకూ మాడ్చుటకూ గల భేదమే ఇక్కడ కూడ. 1817లో డేనియల్ వీలర్ అనే ఆంగ్లేయుడు గింజలను మాడిపోకుండ నల్లగా వేయించే పీపా యంత్రానికి పేటెంటు పొందాడు. అప్పటినుండి ఒక పెద్ద కాగు బీరును నల్లగా మార్చుటకు అటువంటి గింజలు కొద్దిపాటి చాలు. ఘాటు మాత్రం అందులో వేసిన మొత్తం చక్కెర మీద ఆధారపడుతుంది. బాగా వేయించిన గింజలో పులియగల చక్కెర చాల తక్కువ. కనుక నలుపుకూ ఘాటుకూ చుట్టరికం లేదు.

మెత్తని నీటి ఊరు

పిల్సెన్‌ను చెక్ ప్రజలు ప్ల్జెన్ అంటారు. 1295లో రాజు రెండవ వెన్సెస్లాస్ స్థాపించిన నగరం ఇది. నగర మధ్యంలోని సెయింట్ బార్తొలొమ్యూ చర్చి గోపురం నూరు మీటర్లకు పైబడిన ఎత్తుతో చాల దూరానికి కనిపిస్తుంది. ఊరి గృహస్థులకు బీరు కాచే హక్కు ఆనాడే లభించింది. ఆ హక్కు వరమా, శాపమా అని సందేహించవలసిన రోజు 1838లో వచ్చింది. పాడైపోయిన 36 పీపాల బీరును పురభవనం ఎదుట నేలపాలు చేశారని నగర చరిత్ర చెబుతుంది. విసిగిన గృహస్థులు అందరూ చేరి ఒక కొత్త బట్టీ కట్టించి, దాని నిర్వహణకు బవేరియానుండి జోసెఫ్ గ్రోల్ అనే నిపుణుని పిలిపించారు. 1842 అక్టోబరు 5న అతడు కాచిన మొదటి బీరు అంతవరకు అక్కడ ఎవరూ చూడని వర్ణంలో బయటికి వచ్చింది: పారదర్శకమైన పచ్చని బంగారం.

గ్రోల్ ప్రతిభతోపాటు నాలుగు అదృష్టాలు ఆ కాగులో కలిశాయి. ఇంగ్లండులో అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతిలో, పొగ తగలని వేడిగాలితో ఆరబెట్టిన లేత మాల్టు మొదటిది. సమీపంలోని జాటెత్స్ ప్రాంతపు సుగంధభరితమైన హాప్స్ రెండవది. ఆ హాప్స్ తోటల భూభాగాన్ని 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చల్లదనంలో నెమ్మదిగా పులిసే బవేరియా ఈస్టు మూడవది. నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది, పిల్సెన్ నీరు. లవణాలు దాదాపు లేని మెత్తని నీరు అది. గట్టి నీటిలో హాప్స్ చేదు మొరటుగా, గొంతు పట్టినట్లుగా దిగుతుంది. పిల్సెన్ నీటిలో అదే చేదు పదునుగానే ఉండి కూడ శుభ్రంగా వచ్చి, శుభ్రంగా వెళ్ళిపోతుంది.

ఆ బట్టీ కింద ఇసుకరాతిలో తొలిచిన సొరంగాలు సుమారు 9 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉన్నాయి. యంత్రాల మంచు లేని కాలంలో బీరు నెలల తరబడి ఆ చీకటిలో ఓకు పీపాలలో పండేది. నేటికీ సందర్శకులను అక్కడికి తీసికొనిపోయి, వడకట్టని బీరును పీపానుండి నేరుగా గ్లాసులోకి పట్టి ఇస్తారు. అది కాస్త మసకగా ఉంటుంది. పైన సీసాలో మిలమిల మెరిసే బీరూ ఇదీ ఒకటే. ఆ మసకకు కారణం వడకట్టకపోవడమే.

బొహీమియా గాజు పరిశ్రమకు పేరుపొందిన సీమ. మట్టి ముంతలలో, తగరపు చెంబులలో త్రాగిన కాలంలో బీరు రంగును ఎవరూ అంతగా పట్టించుకోలేదు. గాజు గ్లాసు చేతికి వచ్చిన తరువాత కన్ను ముందుగా త్రాగడం మొదలుపెట్టింది. ఈ ఊరి బీరుకు అనుకరణలు ప్రపంచమంతట పుట్టాయి. నేడు లోకంలో అమ్ముడుపోయే బీరులో అధికభాగం, మన దేశపు సీసాలతో సహా, ఈ పచ్చని వంశానిదే. రంగు వచ్చింది గాని నీరు రాలేదు, హాప్స్ చేదు రాలేదు, నెలల ఓపిక రాలేదు. అందుకే పిల్సెన్‌లో మొదటి గుక్క త్రాగిన భారతీయుడు పరిచితమైన రంగులో అపరిచితమైన చేదును చూచి ఆశ్చర్యపోతాడు.

ఇక్కడ మనకు చెందిన ఒక చిన్న కథ కూడ ఉంది. లేత మాల్టుతో ఇంగ్లండులో తయారైన చేదు బీరు పద్దెనిమిదవ శతాబ్దం చివరినుండి ఓడలలో మద్రాసు, కలకత్తా, బొంబాయి రేవులకు వచ్చేది. లండనులోని హాడ్జ్‌సన్ బట్టీ, ఆ తరువాత బర్టన్ పట్టణపు బట్టీలు ఈ వర్తకంలో పేరు పొందాయి. దానికే ‘ఇండియా పేల్ ఏల్’ అన్న పేరు నిలిచింది. పేరులో ‘లేత రంగు’ అన్న మాట ఉన్నా దాని గుణం హాప్స్ చేదు. బర్టన్ నీరు పిల్సెన్ నీటికి పూర్తిగా వ్యతిరేకం. జిప్సం దండిగా గల గట్టి నీరది. ఆ జిప్సమే అక్కడి చేదుకు పొడి పదును నిచ్చింది. నీరు మారితే చేదు మారుతుంది. రంగు ఒక్కటిగానే ఉండవచ్చును.

నల్లని తెల్లబీరు

పిల్సెన్‌నుండి నైరుతిగా సరిహద్దు దాటి పోతే బవేరియా రాజధాని మ్యూనిక్. ఈ నగరపు పాత బీరు ముదురు గోధుమరంగుది. దానిని ‘డుంకెల్’, అనగా ‘చీకటి’ అంటారు. పేరు భయపెట్టినా త్రాగితే అది సాధుజంతువు. కాలిన రొట్టె పెంకు వాసన, కొద్దిపాటి తీపి, స్వల్పమైన చేదు. ఈ రంగు ఎవరో కోరి తెచ్చుకొన్నది కాదు. మ్యూనిక్ నీటిలో కార్బొనేటు లవణాలు మెండు. వేయించిన మాల్టులోని సహజమైన పులుపు ఆ క్షారగుణాన్ని సరిచేస్తుంది. నీటిశాస్త్రం ఎరుగని ఆనాటి పనివారు నాలుక చెప్పినట్లు నడిచి సరైన ధాన్యాన్ని ఎన్నుకొన్నారు. 1894లో మ్యూనిక్ బట్టీలలో ఒకటైన స్పాటెన్ పిల్సెన్‌తో పోటీకి లేతరంగు బీరును విడుదల చేసింది. ‘హెల్లెస్’ అనే ఆ బీరు రంగులో పిల్సెన్ బీరే, మాటతీరులో మ్యూనిక్ బీరే. చేదు తగ్గి, మాల్టు మెత్తదనం ముందుకు వచ్చింది. రెండు గ్లాసులను పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కళ్ళు మూసికొని త్రాగితే ఎవరూ పొరబడరు.

1516లో బవేరియా ప్రభువులు చేసిన ఒక శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేమీ ఉండరాదని ఆదేశించింది. అందులో ఈస్టు పేరు లేదు. అటువంటి ప్రాణి ఒకటున్నదని అప్పటికి ఎవరికీ తెలియదు. 1553లో మరొక ఆజ్ఞ ఏప్రిల్ 23 మొదలు సెప్టెంబరు 29 వరకు బీరు కాచుటను నిషేధించింది. వేసవిలో కాచిన బీరు చెడిపోవడమే దీనికి కారణం. వసంతంలో కాచినదానిని నేలమాళిగలలో మంచుతో చల్లగా దాచి వేసవి అంతా గడుపుకొనేవారు. మాళిగల పైన నీడకోసం చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ చెట్ల కింద బల్లలు వేసి బీరు అమ్మడంతో పుట్టినవే నేటి బీరు తోటలు. ఇంటినుండి తెచ్చుకొన్న భోజనాన్ని ఆ బల్లలపై విప్పుకొని తినే ఆచారం ఇప్పటికీ చెల్లుతుంది.

ఈ చలికాలపు నియమం తెలియకుండనే ఒక గొప్ప ఎంపిక జరిపింది. చలిలో బ్రతుకగల ఈస్టు నిలిచింది, వేడి కోరేది వెనుకబడింది. చల్లగా, అడుగున చేరి, నెమ్మదిగా పనిచేసే ఈస్టుతో తయారయ్యేది లాగర్. కాస్త వెచ్చగా, పైకి తేలి, చురుకుగా పనిచేసే ఈస్టుతో తయారయ్యేది ఏల్. బీరు ప్రపంచంలోని అసలు పెద్ద విభజన ఇది. రంగుతో దీనికి సంబంధమే లేదు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ లాగర్ ఈస్టును శుద్ధంగా వేరుచేశాడు. అది రెండు జాతుల సంకరమని తరువాత తేలింది. ఒకటి రొట్టెకు, ఏల్‌కు వాడే పాత ఈస్టు. రెండవ జాతి బంధువును శాస్త్రజ్ఞులు 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవులలో చెట్లకు పుట్టే బుడిపెలలో కనుగొన్నారు.

ఈస్టు ఎంతటి మాయావి అన్నది మ్యూనిక్‌లోనే గోధుమ బీరును త్రాగినవారికి తెలుస్తుంది. దానిని ‘వైస్‌బీర్’, అనగా ‘తెల్లబీరు’ అంటారు. మసకగా ఉండే ఆ బీరులో లవంగం వాసన, మగ్గిన అరటిపండు వాసన స్పష్టంగా వస్తాయి. అందులో లవంగమూ లేదు, అరటిపండూ లేదు. రెండింటినీ పుట్టించినది ఈస్టు. ఈ జాతిలో ముదురు మాల్టుతో చేసినది కూడ ఒకటి ఉంది. దాని పేరు ‘డుంక్లెస్ వైస్‌బీర్’. అర్థం ‘నల్లని తెల్లబీరు’. రంగును బట్టి బీరును గుర్తించదలచినవారికి ఆ పేరే సమాధానం.

పొగ దాగిన గ్లాసు

మ్యూనిక్‌కు ఉత్తరాన, ఫ్రాంకోనియా కొండల నడుమ బాంబెర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. నదిపాయ నడుమ నిలిచిన పాత పురభవనం, ఎగుడుదిగుడు రాళ్ళ వీధులు, కొండమీద నాలుగు గోపురాల చర్చి. ఈ పాతపట్టణం 1993లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఒక వీధిలో నడుస్తుండగా కట్టెపొయ్యి పొగవాసన సోకుతుంది. అది ష్లెంకెర్లా అనే పురాతనమైన పానశాల. ఇక్కడ మొలకెత్తిన బార్లీని బీచ్ కట్టెల మంటపై, పొగ నేరుగా తగిలేటట్లు ఆరబెడతారు. దానితో చేసిన బీరు ముదురు గోధుమరంగులో ఉండి, మొదటి గుక్కలో నోరంతా పొగచూరినట్లు అనిపిస్తుంది. ఎండుచేపలను పొగబెట్టే పాకలు చూచినవారికి ఆ వాసన కొత్తది కాదు. రెండవ గ్లాసు వరకు ఆగితే గాని దాని సొంపు తెలియదని స్థానికుల మాట.

ఒకప్పుడు లోకంలోని బీరు చాలవరకు ఇట్లే పొగచూరి ఉండేది. కట్టెలమంట తప్ప గింజ ఆరబెట్టే సాధనం లేని రోజులవి. పొగలేని బట్టీలు వచ్చిన తరువాత ఊరూరా ఈ రుచి అంతరించింది. పట్టణంలో రెండు పాత బట్టీలు మాత్రం స్వయంగా పొగ మాల్టు తయారుచేసికొంటూ ఆ రుచిని కాపాడుకొన్నాయి. పెద్ద యంత్రశాలలతో పోటీపడి ఎక్కడో ఒక మూల ఇద్దరు మొండిగా నిలబడకపోతే ఈ రుచి నేడు పుస్తకాలలో కూడ మిగిలి ఉండేది కాదు. పూర్వులు ఏమి త్రాగేవారో వర్ణించవచ్చును గాని, వర్ణనతో నాలుకకు తెలియజేయలేము.

రంగుకు సంబంధించిన ఒక విచిత్రం కూడ ఇక్కడే ఉంది. ఈ పానశాలలో లేత పసుపు లాగర్ కూడ దొరుకుతుంది. దానికి పొగ తగలని మాల్టే వాడతారు. అయినా గ్లాసును ముక్కు దగ్గరికి తీసికొనగానే సన్నని పొగవాసన వస్తుంది. పొగబీరు కాచిన రాగికాగులలోనే కాయుట వలన, పొగబీరులో పెరిగిన ఈస్టునే వాడుట వలన ఆ వాసన అంటుకొన్నది. చూపుకు పసుపుపచ్చ, లోపల ఇంటిపేరు మాత్రం పొగబీరుదే.

రైన్ ఒడ్డున ఇద్దరు తోబుట్టువులు

బాంబెర్గ్‌నుండి వాయవ్యంగా రైలులో వెళితే రైన్ నది, దాని ఒడ్డున కొలోన్. మహా చర్చి నీడలోని పానశాలలలో నీలి ఏప్రన్ కట్టుకొన్న పరిచారకులను ‘కోబెస్’ అంటారు. సన్నగా పొడవుగా ఉండే గ్లాసు పట్టేది 0.2 లీటరు మాత్రమే. అది ఖాళీ కాగానే అడుగకుండనే మరొకటి వచ్చి కూర్చుంటుంది. గ్లాసు కింది అట్టబిళ్ళపై పెన్సిలుతో ఒక గీత పడుతుంది. చాలుననుకొన్న అతిథి అట్టబిళ్ళను గ్లాసుపై మూతగా పెట్టాలి. ఆ సంజ్ఞ తెలియనంతవరకు గ్లాసులు వస్తూనే ఉంటాయి.

ఆ బీరు పేరు కోల్ష్. 1986లో 24 బట్టీలవారు ఒడంబడిక చేసికొని ఆ పేరును, తయారీ పద్ధతిని నిర్వచించుకొన్నారు. 1997లో ఐరోపా సమాఖ్య దానికి భౌగోళిక రక్షణ కల్పించింది. కోల్ష్ కంటికి అచ్చంగా పిల్సెన్ బీరే. కాని అది లాగర్ కాదు. వెచ్చదనంలో పనిచేసే ఈస్టుతో పులియబెట్టి, ఆ తరువాత చలిలో పండిస్తారు. పండ్లవాసన వంటి సన్నని పరిమళం ఒకటి దానిలో మిగిలి ఆ పుట్టుకను తెలుపుతుంది.

అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అదే నది ఒడ్డున డుస్సెల్డార్ఫ్. ఈ రెండు నగరాల మధ్య వైరం మన పల్లెల్లో ఏటికి ఇటు ఊరికీ అటు ఊరికీ ఉండే వైరం వంటిది. ఒకచోట రెండవ ఊరి బీరును అడిగితే నవ్వుతారు, లేదా కోపగిస్తారు. డుస్సెల్డార్ఫ్ బీరు ‘ఆల్ట్’. పాత పద్ధతిది అని దాని అర్థం. రంగు రాగిచెంబు రంగు, చేదు గట్టిది. కాని దాని తయారీ కూడ వెచ్చని ఈస్టు, ఆపై చలిలో పండుట. కనుక రంగును బట్టి చూస్తే కోల్ష్ పిల్సెన్ బీరుకు కవల, ఆల్ట్ మ్యూనిక్ డుంకెల్‌కు దాయాది. పుట్టుకను బట్టి చూస్తే కోల్ష్, ఆల్ట్ ఒక తల్లి బిడ్డలు. పిల్సెన్ బీరు, డుంకెల్ మరొక తల్లి బిడ్డలు. పానశాలల్లో పోట్లాడుకొనే ఈ రెండు ఊళ్ళవారు నిజానికి చుట్టాలు.

సన్యాసుల లెక్క

రంగును నమ్ముకొన్నవారికి అసలు ప్రమాదం బెల్జియంలో పొంచి ఉంది. ఆంట్‌వెర్ప్‌కు సమీపంలో, చెట్ల వరుసల వెనుక, ఎత్తైన గోడల నడుమ వెస్ట్‌మాల్ మఠం ఉంది. ట్రాపిస్టు శాఖకు చెందిన సన్యాసులు 1794లో అక్కడ స్థిరపడ్డారు. 1836నుండి బీరు కాస్తున్నారు. మఠ పోషణకు, దానధర్మాలకు ఆ ఆదాయం వినియోగమవుతుంది. లోపలికి సందర్శకులకు ప్రవేశం లేదు. రోడ్డుకు ఆవల ఉన్న పానశాలలో ఆ మఠపు మూడు బీర్లు దొరుకుతాయి.

మొదటిది లేత బంగారు రంగు. సన్యాసుల భోజనం కొరకు ఉద్దేశించినది. ఆల్కహాలు 4.8 శాతం. రెండవది ‘డుబ్బెల్’, ముదురు గోధుమరంగు, 7 శాతం. మూడవది ‘త్రిపెల్’, మళ్ళీ బంగారు రంగు, 9.5 శాతం. ఈ త్రిపెల్‌కు 1934నుండి ఆ పేరు ఉంది. లేత మాల్టుకు తోడు తెల్లని చక్కెర చేర్చుట వలన ఈస్టుకు ఆహారం పెరిగి ఆల్కహాలు పెరుగుతుంది గాని రంగు పెరుగదు. డుబ్బెల్‌లోని ముదురు రంగు కూడ చాలవరకు కాచిన నల్ల చక్కెర చలవే. ఒకే మఠంలో, ఒకే చేతుల మీదుగా తయారైన మూడింటిలో అతి తేలికైనదీ, అతి ఘాటైనదీ ఒకే రంగులో ఉన్నాయి. గోధుమరంగుది నడుమ నిలిచింది.

దీనిని అంకెలలో చూడుడు. డబ్లిన్‌లో 1759లో మొదలైన గిన్నెస్ సంస్థవారి నల్లని బీరును పీపానుండి పట్టినపుడు అందులో ఆల్కహాలు 4.2 శాతం. 568 మిల్లీలీటర్ల నిండు గ్లాసులో స్వచ్ఛమైన ఆల్కహాలు 24 మిల్లీలీటర్లకు మించదు. 330 మిల్లీలీటర్ల బంగారు రంగు త్రిపెల్ సీసాలో 31 మిల్లీలీటర్లు దాటుతుంది. పెద్ద నల్లగ్లాసు కన్న చిన్న పచ్చసీసా బరువైనది. నల్లదాన్ని చూచి వెనుదీసి, పచ్చదాన్ని చూచి ధైర్యంగా రెండవ సీసా తెప్పించుకొనేవారు తెలియకనే అపాయాన్ని కొని తెచ్చుకొంటున్నారు.

ఇది బెల్జియం కథ మాత్రమే అనుకొనరాదు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం 5 శాతం వరకు ఆల్కహాలు గలది సాధారణ బీరు. 5 దాటి 8 శాతం వరకు గలది ‘స్ట్రాంగ్’ బీరు. దుకాణంలో రెండూ ఒకే పసుపు రంగులో ఉంటాయి. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం అయితే 32.5 మిల్లీలీటర్ల ఆల్కహాలు. 8 శాతం అయితే 52 మిల్లీలీటర్లు. ఒకే రంగు, ఒకే పరిమాణం. దేహంలోకి పోయేది ఒకటిన్నర రెట్లకు పైన. ఆరోగ్యానికి ఏ హానీ లేని ఆల్కహాలు మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో హెచ్చరించిన సంగతి తెలిసినవారికి ఆ చీటీపై అంకెను చదువుట కనీస వివేకం. బండి నడిపి ఇల్లు చేరవలసినవారి విషయం వేరే చెప్పనక్కరలేదు.

గాలి కాచిన బీరు

చివరి మజిలీ బ్రస్సెల్స్. మిడి రైల్వేస్టేషనుకు కొద్ది దూరంలో, ఆండర్లెఖ్ట్ పేటలోని ఒక సాధారణమైన వీధిలో కాంటియోన్ బట్టీ ఉంది. 1900లో ఒక కుటుంబం దీనిని స్థాపించింది. ఇక్కడి బీరు పేరు లాంబిక్. బార్లీతోపాటు మొలకెత్తించని గోధుమలు వాడతారు. హాప్స్‌ను ఏండ్లతరబడి నిలువబెట్టి, చేదు పోయిన తరువాత వేస్తారు. నిలువ ఉంచే గుణం దక్కుతుంది, చేదు రాదు. మరిగిన ద్రవాన్ని ఇంటికప్పు కింద పెద్ద పళ్ళెం వంటి లోతులేని రాగితొట్టిలో పోసి, కిటికీ రెక్కలు తెరచి రాత్రంతా వదలివేస్తారు. చలిగాలితోపాటు ఆ సీమలోని ఈస్టు, ఇతర సూక్ష్మజీవులు వచ్చి అందులో వాలుతాయి. మనిషి చేయి వేయడు. అందువలన చలికాలంలో మాత్రమే, సుమారు అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు, పని సాగుతుంది. ఆ తరువాత ఓకు పీపాలలో ఒకటి, రెండు, మూడు సంవత్సరాల నిద్ర. పీపాల నడుమ అల్లుకొన్న సాలెగూళ్ళను ఎవరూ దులపరు. పీపాలపై ముసిరే ఈగలకు సాలీళ్ళే కాపలా.

లేతదానిని, ముదురుదానిని కలిపి సీసాలో మరల పులియనిస్తే ‘గూజ్’ అనే బీరు అవుతుంది. రంగు మళ్ళీ అదే బంగారం. రుచి చింతకాయవలె పులుపు. ఎండు గడ్డి, తడిసిన పాత కట్టె వాసనలు వెంట వస్తాయి. పుల్లని చెర్రీ పండ్లు నానవేసినది ‘క్రీక్’. దాని రంగు కెంపు ఎరుపు. ఇక్కడ రంగు ధాన్యాన్ని గురించి కూడ చెప్పదు, పండును గురించి చెబుతుంది.

ఈ రాగితొట్టి ముందు నిలిచిన తెలుగువానికి తాటిచెట్టు జ్ఞాపకం రాక తప్పదు. మోవుకు కట్టిన కుండలో పడే తీపినీటికి కూడ ఎవరూ ఈస్టు వేయరు. గాలిలోనిది, కుండకు అంటినది చేరి దానిని కల్లు చేస్తుంది. తెల్లవారుజామున తీపి, పొద్దెక్కేసరికి నురుగు, సాయంకాలానికి పులుపు. తాటికల్లు, ఈతకల్లు, జీలుగుకల్లు, మూడింటికీ అదే పలచని పాల రంగు. కల్లు ఎరిగిన మనిషి ఏనాడూ రంగు అడుగలేదు. ఏ చెట్టుది, ఏ పూటది, దించి ఎంతసేపయింది అని అడిగాడు. బ్రస్సెల్స్ బట్టీవాడు తన బీరును గురించి చెప్పేది కూడ సరిగా ఈ మూడు ముక్కలే: ఏ గాలి, ఏ ఋతువు, ఎంతకాలం.

మన పూర్వుల లెక్క కూడ ఇదే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని బాధ్యతలు వివరించిన అధ్యాయం మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని పానీయాలను విభజించింది. మేదకంలో బియ్యం ఎంత, ఆసవంలో వెలగపండు ఎంత, దేనికి ఎంత కిణ్వం అని కొలతలు పేర్కొన్నది. పులియబెట్టు పదార్థానికి ఆ గ్రంథం వాడిన ‘కిణ్వం’ అన్న మాటే నేడు మన పాఠ్యపుస్తకాలలో కిణ్వప్రక్రియగా నిలిచింది. ద్రవ్యాన్ని బట్టి, కిణ్వాన్ని బట్టి పేరు పెట్టిన ఆ విభజన పిల్సెన్‌లోను, మ్యూనిక్‌లోను, బ్రస్సెల్స్‌లోను కూడ చెల్లుతుంది.

బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో మానవజాతి అభౌతిక వారసత్వంలో చేర్చింది. ఆ గుర్తింపు ఒక పానీయానికి కాక, దాని వెనుకనున్న ఓపికకు, విద్యకు దక్కినట్లు భావించవచ్చును. త్రాగేవారైనా త్రాగనివారైనా ఈ దారిన ప్రయాణించినపుడు గ్లాసును వెలుతురుకు ఎత్తి చూచుట మానరు. ఆ వర్ణం అందమైనదే. కాని అక్కడి అనుభవజ్ఞులు బల్ల వద్ద కూర్చొని వేసే ప్రశ్నలు వేరు: వెచ్చగా పులిసినదా, చల్లగా పులిసినదా? ఏ ఊరి నీరు? ఎంత చేదు? ఎన్ని నెలలు పండినది? చివరగా, చీటీపై అంకె ఎంత?